పస్తు పెట్టే మందు



మెడిసిన్ చదివేవాళ్లకీ, వెటర్నరీ, ఫార్మసీ, బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీ తరంలో చాలామంది బడిలో ఉండగా నులిపురుగుల దినం నాడు టీచరు ఎదురుగా ఆల్బెండజోల్ మాత్ర నమిలినవాళ్లే. 2015లో మొదలై దేశమంతా నడుస్తున్న కార్యక్రమం అది. రెండేళ్లు దాటిన పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపువాళ్లకి అందులో సగం. ఏలికపాములాంటి పేగు పురుగులకి సాధారణంగా అది సరిపోతుంది.

అదే ఆల్బెండజోల్‌ను మెదడులో బద్దెపురుగు లార్వా ఉన్న మనిషికి ఇవ్వాలంటే లెక్క మారిపోతుంది. కిలో బరువుకి రోజుకి 15 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా, పది నుంచి పద్నాలుగు రోజులు. తిత్తులు ఎక్కువగా ఉంటే ప్రాజిక్వాంటెల్ అనే రెండో మందు కూడా కలపాలి. వీటన్నిటికీ ముందు స్టిరాయిడ్ మొదలుపెట్టాలి. ఇంత చేశాక కూడా కొందరి స్కాన్‌లో తిత్తి కదలకుండా కనిపిస్తుంది.

ఒకే మందు ఒకచోట ఒక్క మాత్రతో పని చేసి, ఇంకోచోట రెండు వారాలు వాడినా ఎందుకు తడబడుతోంది? నేను ఫార్మకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. వైవాలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు ఎక్కువమంది ఒకే వాక్యం అప్పజెప్పేవాళ్లు: పురుగు గ్లూకోజ్ పీల్చుకోకుండా మందు అడ్డుకుంటుంది సార్, అని. ఆ జవాబులో తప్పు లేదు. కానీ అసలు సంగతి మొదలయ్యే చోట ఆ జవాబు ఆగిపోతుంది. గ్లూకోజ్ అందని లార్వా ఆ క్షణానే చచ్చిపోదు. పస్తు పడుతుంది. పస్తులో అది ఏం తింటుంది, ఏం విడుస్తుంది, ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది అన్నది తెలియకపోతే మనకి ఆ మందు గురించి సగమే తెలిసినట్టు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మిగతా సగమే.

ముందు రోగం గురించి కొంచెం. టీనియా సోలియం అనే బద్దెపురుగు పెద్దదయ్యాక మనిషి పేగులోనే ఉంటుంది, కొన్ని మీటర్ల పొడవున. దాని గుడ్లు మలంతో బయటికొస్తాయి. వాటిని పంది తింటే దాని కండరాల్లో లార్వాలు తిత్తులుగా నిలుస్తాయి. సరిగా ఉడకని ఆ మాంసం తిన్నవాడి పేగులో మళ్లీ పెద్ద పురుగు తయారవుతుంది. ఇక్కడివరకు మీరు ఇంటర్‌లోనే చదివారు. జనం పొరబడేది దీని తరవాతి సంగతిలో. మెదడులో తిత్తి రావడానికి పంది మాంసం తినక్కర్లేదు. పేగులో పురుగున్న మనిషి చేతి నుంచో, సరిగా కడగని ఆకుకూర నుంచో, నీళ్ల నుంచో ఆ గుడ్లు నోట్లో పడితే చాలు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పేగు గోడ దాటి, రక్తంలో పడి, మెదడుకి చేరుతుంది. నీసు ముట్టని ఇళ్లలోనూ ఇది వస్తుంది. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి ఆస్పత్రికి ఎత్తుకొచ్చిన తల్లి, మా ఇంటా వంటా లేదు బాబూ, మాకు ఆ పురుగెలా వస్తుంది అని అడుగుతుంది. ఆమెకి సిగ్గు కలగకుండా, ఓపిగ్గా చెప్పాల్సినవాళ్లు మీరే.

ఈ లార్వా ఎంత ఓర్పుగలదో తెలియాలంటే పాత సైనికుల రికార్డులు చూడాలి. మన దేశంలో పనిచేసి ఇంగ్లండు తిరిగెళ్లిన సైనికులకి ఫిట్స్ రావడాన్ని అక్కడి వైద్యులు ఏళ్ల తరబడి వెంబడించారు. డిక్సన్, లిప్‌స్కాంబ్ 1961లో 450 మంది వివరాలతో నివేదిక వేశారు. చాలామందికి ఇన్‌ఫెక్షన్ సోకిన కొన్నేళ్లకి ఫిట్స్ మొదలయ్యాయి, కొందరికైతే దశాబ్దాల తరవాత. అంతకాలం సెంటీమీటరు పొడవు ఉందో లేదో అన్నంత తిత్తి, మెదడు మధ్యలో కూర్చుని, ఆ మనిషికి తెలియకుండా అతని గ్లూకోజే తిని బతికింది.

మన దగ్గర దీన్ని పోల్చుకోవడానికే చాలా కాలం పట్టింది. సీటీ స్కానర్లు వచ్చిన కొత్తలో, ఫిట్స్‌తో వచ్చినవాళ్ల మెదడులో చిన్న గుండ్రటి మచ్చ ఒక్కటి కనిపిస్తే క్షయగడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవారు. మచ్చ కరిగిపోతే మందు పని చేసిందనుకునేవారు. వేలూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్, వాళ్ల సహచరులు అలాంటి మచ్చలను ఆపరేషన్ చేసి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. కనిపించింది సిస్టిసెర్కస్, అంటే బద్దెపురుగు లార్వా. 1989లో లాన్సెట్‌లో రాశారు. ఎంతమందికి అక్కర్లేని టీబీ కోర్సు తప్పిందో ఆలోచించండి. మచ్చ కరిగిందని సంతోషించి ఊరుకోకుండా, అందులో ఏముందో తీసి చూడడమే వాళ్లు చేసిన గొప్ప పని.

ఇక లార్వా వంటింట్లోకి వెళదాం. బద్దెపురుగుకి నోరు లేదు, పేగు లేదు. ఒళ్లంతా కప్పిన పైపొర మీద సన్నటి నూగులాంటి పొడుచుకొచ్చిన భాగాలుంటాయి. తిండి అంతా వాటి మీదుగానే లోపలికి వెళ్తుంది. వెళ్లిన గ్లూకోజ్‌లో కొంత అప్పటికప్పుడు ఖర్చవుతుంది, మిగతాది గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. కొవ్వు విషయంలో ఇది పూర్తిగా పరాధీనం. 2013లో నేచర్‌లో వచ్చిన నాలుగు బద్దెపురుగుల జీనోమ్‌లు ఈ సంగతి గట్టిగా చెప్పాయి. కొవ్వు ఆమ్లాలనూ కొలెస్ట్రాల్‌నూ సొంతంగా తయారుచేసుకునే జన్యువులను ఇవి పోగొట్టుకున్నాయి. కావలసింది ఆతిథ్యమిచ్చిన ఒంట్లోంచే ఎత్తుకుంటాయి.

గ్లూకోజ్‌ను వాడుకునే పద్ధతి కూడా మనలాంటిది కాదు. మన కణం గ్లూకోజ్‌ను పైరువేట్ దాకా విరిచి, ఆక్సిజన్ సాయంతో పూర్తిగా కాల్చి, ముప్ఫై దాకా ఏటీపీలు రాబట్టుకుంటుంది. లార్వా అంత దూరం వెళ్లదు. పైరువేట్‌కి ఒక మెట్టు ముందు, ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ దగ్గర ఆగి, దానికి కార్బన్ డయాక్సైడ్ అతికించి ఆక్సలోఎసిటేట్ చేస్తుంది. అది మాలేట్‌గా మారి మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. అక్కడ మాలేట్ రెండు దారుల్లో చీలిపోతుంది. కొంత ఎసిటేట్ వైపు నడుస్తుంది. కొంత ఫ్యూమరేట్ అయి, అక్కణ్ణుంచి సక్సినేట్ అవుతుంది. మన మైటోకాండ్రియాలో సక్సినేట్ నుంచి ఫ్యూమరేట్ తయారవుతుంది. లార్వా మైటోకాండ్రియాలో ఫ్యూమరేట్ నుంచి సక్సినేట్. ఆ తలకిందుల పనిని నడిపేది ఫ్యూమరేట్ రిడక్టేజ్ అనే ఎంజైము, దానికి తోడు రోడోక్వినోన్ అనే ఎలక్ట్రాన్ వాహకం. మన కణాలు ప్రధానంగా ఆధారపడేది రోడోక్వినోన్ మీద కాదు. చివరికి పురుగు బయటికి వదిలేవి సక్సినేట్, ఎసిటేట్, ప్రొపియోనేట్, లాక్టేట్. రాబడి తక్కువే, కానీ ఆక్సిజన్ చాలని చోట కూడా పొయ్యి ఆరదు.

ఈ నాలుగు పేర్లు గుర్తుంచుకోండి. లార్వా చుట్టూ ఉన్న ద్రవంలో ఈ ఆమ్లాలు ఏ పాళ్లలో ఉన్నాయో కొలిస్తే, లోపల ఏ దారి నడుస్తోందో, ఏది మూసుకుపోయిందో చెప్పొచ్చు. లార్వాను కోయక్కర్లేకుండానే.

ఆల్బెండజోల్ చేసే పని అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది. దాని కుటుంబంలో మొదటి పెద్ద మందు థయాబెండజోల్, 1961లో వచ్చింది. గొర్రెల నట్టలకి అది వరమైంది. 1970లో ప్రిచర్డ్ అనే శాస్త్రవేత్త, గొర్రె పొట్టలో రక్తం తాగే హీమాంకస్ పురుగులో ఈ మందు ఫ్యూమరేట్ రిడక్టేజ్‌ను ఆపుతోందని చూపించాడు. అదే కుటుంబానికి చెందిన మెబెండజోల్ తగిలితే పురుగులు గ్లూకోజ్ పీల్చుకోలేకపోతున్నాయని, గ్లైకోజెన్ తరిగిపోతోందని ఆ తరవాత బయటపడింది. అందరూ శక్తి జీవక్రియ దగ్గరే తాళం ఉందనుకున్నారు. కానీ కణాల లోపల చూస్తే మొదట కనుమరుగవుతున్నవి మైక్రోట్యూబ్యూల్స్ అని తేలింది. సరుకులను కణంలో ఒక చివర నుంచి ఇంకో చివరకి చేర్చే సన్నటి గొట్టాలవి. మందు బీటా ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కొత్త గొట్టాలు పేరుకోవు. పైపొరకి చేరాల్సినవి చేరవు. తరవాతే గ్లూకోజ్ రావడం తగ్గుతుంది, నిల్వ కరుగుతుంది, ఏటీపీ పడిపోతుంది. మనక్కూడా ట్యూబ్యులిన్ ఉంది. కానీ పురుగుదానికి ఈ మందు మరింత గట్టిగా అంటుకుంటుంది, మన బతుకు ఆ తేడా మీద నిలిచింది. ఆ తేడా ఎంత సన్ననిదో హీమాంకసే చూపించింది. ఆ ప్రొటీన్‌లో 200వ స్థానంలో ఫినైల్‌అలనిన్ బదులు టైరోసిన్ వస్తే చాలు, పురుగుకి మందు పట్టదు. మన గొర్రెల కాపరులు నట్టల మందు తాగించినా పని చేయట్లేదని వాపోతే వాళ్లని తప్పుపట్టకండి. ముందు ఆ పురుగు జన్యువు చూడండి.

ప్రాజిక్వాంటెల్ దారి వేరు. బేయర్, మెర్క్ కంపెనీలు 1970ల్లో తీసుకొచ్చిన ఈ మందు తగలగానే పురుగు కణాల్లోకి కాల్షియం పోటెత్తుతుంది. కండరాలు బిగుసుకుపోతాయి, పైపొర బుడగలు లేచి చిట్లుతుంది. దాని తాళం ఎక్కడుందో మొన్న మొన్నటిదాకా తెలియలేదు. 2019లో షిస్టోసోమ్ అనే పరాన్నజీవుల్లో ఒక అయాన్ చానల్‌ను పట్టుకున్నారు. ఇన్నేళ్లుగా ఇన్ని కోట్లమంది మింగిన మందు సంగతి ఇది. పరిశోధన చేయడానికి ఏమీ మిగల్లేదని మీలో ఎవరైనా అనుకుంటే ఈ ఉదాహరణ చాలు.

ఇప్పుడు పస్తు దగ్గరికి వద్దాం. మనిషి మెదడులోని లార్వాను తీసి రోజూ కొలవలేం కదా. అందుకని టీనియా క్రాసిసెప్స్ అనే దాయాది పురుగును వాడతారు. అడవిలో నక్కలు, ఎలుకజాతి జంతువుల మధ్య తిరిగే పురుగు ఇది. కెనడాలో ఫ్రీమన్ దీని జీవితాన్ని 1962లో వివరంగా రాశాడు. దీని లార్వా ఎలుక పొట్టలో మొగ్గలు తొడుగుతూ పెరుగుతుంది. ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకి ఎక్కించుకుంటూ ఏళ్ల తరబడి నిలుపుకోవచ్చు. మెక్సికోలో, బ్రెజిల్‌లో దీని మీద చాలా పని జరిగింది. బ్రెజిల్‌లోని గోయాస్ ఫెడరల్ యూనివర్సిటీలో మరీనా క్లేర్ వినావుద్ బృందం ఈ లార్వాలకి ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్, నైటజోక్సనైడ్ లాంటి మందులు తగిలించి, క్రోమటోగ్రఫీతో సేంద్రియ ఆమ్లాలు కొలుస్తూ వచ్చింది. గాజుపాత్రలో నేరుగా మందు వేసి చూశారు, ఎలుకకి మందిచ్చి దాని పొట్టలోని లార్వాలను తీసీ చూశారు. నైటజోక్సనైడ్ ఇచ్చిన ఎలుకల్లో లార్వా ఆక్సిజన్ అక్కర్లేని దారి వైపు మళ్లింది. ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ ఇచ్చిన ఎలుకల లార్వాల్లో కొవ్వు ఆమ్లాలు కాలుతున్న జాడలు, వేరే ఇంధనాలు వెతుక్కుంటున్న జాడలు కనిపించాయి.

కరువు ఏట తిండిగింజలు నిండుకున్నాక రైతు విత్తనాల మూటకి చేయి పెడతాడు. లార్వా కూడా గ్లైకోజెన్ అయిపోయాక తన ఒంటి సరుకుకే చేయి పెడుతోంది. మీరు ఇక్కడ ఆగాలి. పరాన్నజీవులైన చదునుపురుగులు కొవ్వు కాల్చుకోలేవని మీ పాఠ్యపుస్తకం చెప్తుంది. మందు దెబ్బ తిన్న లార్వా కాలుస్తున్నట్టు కొలత చెప్తోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆ కాలుతున్న కొవ్వు లార్వాదా, ఎలుకదా, కాలుస్తున్నది ఏ ఎంజైము అని అడగకుండా పుస్తకం మూసేయకండి. లార్వా ఏ దారిన తప్పించుకుంటోందో తెలిస్తే రెండో మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. మన ఒళ్లు ప్రధానంగా ఫ్యూమరేట్ రిడక్టేజ్, రోడోక్వినోన్ దారి మీద నడవదు.  పస్తులో ఉన్న లార్వా ఆ దారి మీద ఎక్కువ ఆధారపడితే, ఆ సమయంలో దాన్ని మూసేయడం మనిషికి పెద్దగా హాని లేకుండా సాధ్యం కావచ్చు.

రెండు మందులు కలిపితే లాభం ఉందని మనుషుల్లో తేలింది కూడా. పెరూలో హెక్టర్ గార్సియా బృందం 2014లో ప్రచురించిన పరీక్షలో, మామూలు మోతాదు ఆల్బెండజోల్ ఒక్కటే వాడినవాళ్లలో 37 శాతం మందికి తిత్తులన్నీ పోయాయి. ప్రాజిక్వాంటెల్ కలిపినవాళ్లలో 64 శాతం మందికి పోయాయి. ఇది సంతోషించే సంగతి. కానీ నా కళ్లు మిగతా 36 శాతం మీదే ఉంటాయి. వాళ్ల తలలో రెండు మందులనూ తట్టుకున్న లార్వాలు ఏం తిని బతికాయి?

మందు లార్వా దాకా చేరడం మరో కథ. ఆల్బెండజోల్ నీళ్లలో సరిగా కరగదు, పేగులోంచి రక్తంలోకి కొద్దిగానే వెళ్తుంది. పేగు పురుగుకి అది మేలే, మందంతా అక్కడే ఉంటుంది కనక. మెదడు లార్వాకి మాత్రం మందు రక్తంలోకి రావాలి. కాలేయం దాన్ని సల్ఫాక్సైడ్‌గా మారుస్తుంది, మెదడు చేరి పని చేసేది ఆ రూపమే. నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటే రక్తంలో ఆ సల్ఫాక్సైడ్ అయిదు రెట్ల దాకా పెరుగుతుంది. పరగడుపున వేసుకున్నవాడు డబ్బు పెట్టి కొన్న మందులో ఎక్కువ భాగం పోగొట్టుకున్నట్టే. ఫార్మసీ పిల్లలూ, షాపు కౌంటరు మీద ఈ ఒక్క మాట చెప్పి మాత్ర చేతిలో పెట్టండి. ఇంకోటి, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ రక్తంలో ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ రెండింటి స్థాయినీ తగ్గిస్తాయి. డెక్సామెథసోన్ ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌ను పెంచుతుంది, ప్రాజిక్వాంటెల్‌ను తగ్గిస్తుంది. ఈ రోగులు వీటన్నిటినీ ఒకేసారి మింగుతుంటారు. గాజుపాత్రలో లార్వాను చంపిన మోతాదు మెదడు దాకా చేరిందా అని లెక్క కట్టేవాడు ఒకడు ఉండాలి.

స్టిరాయిడ్ ఎందుకంటే, బతికున్న లార్వా తన చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలను నెమ్మదిపరిచి ఉంచుతుంది. అది చచ్చేటప్పుడు ఆ పట్టు సడలుతుంది. చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ రావచ్చు. తిత్తులు లెక్కలేనన్ని ఉండి మెదడు ఉబ్బి ఉన్నవాళ్లకి పురుగును చంపే మందు ముందుగా ఇవ్వడం ప్రాణం మీదికి తెస్తుంది. కంట్లో తిత్తి ఉందేమో చూడకుండా ఇవ్వకూడదు. ఎంత తొందరగా చంపితే అంత మంచిదని అనుకోకండి. మెల్లగా పస్తు పడి చచ్చే లార్వా, ఒక్కసారిగా చిట్లి చచ్చే లార్వా రేపే వాపులో తేడా ఉంటుందా అన్నది కూడా మీరు కొలవాల్సిన సంగతే.

వెటర్నరీ పిల్లలకి ఒక మాట. ఆల్బెండజోల్ కుటుంబానిదే అయిన ఆక్స్‌ఫెండజోల్‌ను కిలోకి 30 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇస్తే పంది కండరాల్లోని తిత్తులు చనిపోతాయి. మెల్‌బోర్న్‌లో మార్షల్ లైటౌలర్స్ కనిపెట్టిన టీఎస్ఓఎల్18 టీకా కొత్త తిత్తులు పట్టకుండా ఆపుతుంది. ఆ టీకాను తయారుచేసి సిస్‌వ్యాక్స్ పేరుతో బజారుకి తెచ్చింది మన హైదరాబాదు ఇండియన్ ఇమ్యునలాజికల్స్. మందు, టీకా రెండూ చేతిలో ఉన్నాయి. పందుల పెంపకం మీద బతికే కుటుంబాల దగ్గరికి వాటిని గౌరవంగా తీసుకెళ్లే డాక్టర్లు కావాలి. ఆ కుటుంబాలను ఊరు ఎప్పుడూ నింద వేయడానికే గుర్తుచేసుకుంది.

ల్యాబులో పని మొదలుపెట్టే పిల్లలారా, చచ్చిన లార్వాలు లెక్కపెట్టి శాతం వేసి థీసిస్ ముగించకండి. మందు తరవాత బతికి మిగిలినవాటిని ఏరి, మందు లేని మీడియంలోకి మార్చి, ఇంకొన్ని రోజులు పెంచండి. రోజూ ఆ ద్రవంలో సక్సినేట్, లాక్టేట్, ఎసిటేట్, ప్రొపియోనేట్ కొలవండి. లోపల గ్లైకోజెన్ మళ్లీ నిండుతోందా, నిండితే ఎన్నో రోజుకి నిండుతోంది, చూడండి. ఆ రోజు మనం కోర్సు ఆపే రోజుకి దగ్గరగా ఉంటే, పద్నాలుగు రోజుల లెక్కను మళ్లీ వేయాల్సి ఉంటుంది. ఫలితం ఎలా వచ్చినా నాకో ఉత్తరం రాయండి.

మీ శ్రేయోభిలాషి,
ఒక పాత ఫార్మకాలజీ మాష్టారు